నలభయ్యో తల

జనవరి 20, సోమవారం

ఈ ఉద్యోగంలో చేరి ఐదేళ్ళు దాటింది. గంజాయి మీద అవగాహన చేశాను, బాల్యవివాహాల మీద చేశాను, లోన్ యాప్‌ల మీద చేశాను. ఈరోజు మండలాఫీసు మీటింగ్‌లో సార్ కొత్త పని అప్పజెప్పారు. తలకాయలు కొలవాలట!

రోడ్డు భద్రత నెల కదా. ఎవరో పెద్దాయన పేరు మీద నడిచే ట్రస్టు మా ఎర్రమిట్టకు నలభై హెల్మెట్లు ఉచితంగా ఇస్తుందట. బండ్లున్నవాళ్ళ పేర్లు, తల సైజులు శుక్రవారం లోపు పంపాలి. మా సచివాలయంలో ఎనిమిది మందిమి ఉన్నాం. పని మాత్రం మహిళా పోలీసు లక్ష్మీకుమారిదే, అంటే నాదే. మిగతా ఏడుగురూ టేపు పట్టుకుంటే చేతులు పడిపోతాయేమో.

తర్వాత పీపీటీ చూపించారు. బండి నడిపేవాళ్ళు తోలు జాకెట్, గ్లౌజులు, మోకాళ్ళకు గార్డులు, మడమలు మూసే బూట్లు వేసుకోవాలట. మే నెలలో ఆ వేషంతో ఆ స్లైడు చేసినాయనను యర్రగొండపాలెం బస్టాండులో పది నిమిషాలు నిలబడమనాలి. మావాళ్ళు లుంగీ, హవాయి చెప్పులతో పుల్లలచెరువు దాకా పోయి వస్తారు.

ఒక్క స్లైడు మాత్రం నచ్చింది. హెల్మెట్‌ను నిలువునా కోసి చూపించారు. బయట గట్టి డిప్ప, దాని లోపల రెండు వేళ్ళ మందం థర్మాకోల్, ఆ లోపల మెత్త. దెబ్బను తీసుకునేది డిప్ప కాదట, థర్మాకోలేనట. అది నలిగిపోతే తల మిగులుతుందట. ఇన్నేళ్ళు హెల్మెట్ పెట్టుకుంటూ నాకు ఈ సంగతి తెలియదు.

చివర్లో సార్ నవ్వుతూ అడిగారు, మీ నాన్నగారు పెట్టుకుంటారా అమ్మా అని. హాలంతా నవ్వింది. నెత్తిన తలపాగా, ముందు బుట్టలో గొర్రెపిల్ల, కింద టీవీఎస్ ఎక్స్‌ఎల్. మా నాయన కాటమరాజును ఆ వేషంలో చూడనివాళ్ళు ఈ చుట్టుపక్కల లేరు. నాకు తల కొట్టేసినట్టయింది.

జనవరి 22, బుధవారం

అమ్మ టైలరింగ్ టేపుతో ఇల్లిల్లూ తిరిగాను. మనిషి తల పట్టుకుని కొలవడం ఎంత సిగ్గేసే పనో చేస్తేగానీ తెలియదు. ముసలాయన ఒకాయన కళ్ళు మూసుకున్నాడు, ఆశీర్వాదం ఇస్తున్నాననుకున్నాడేమో. సావిత్రమ్మత్త కొప్పుతో కలిపి కొలవాలా కొప్పు విప్పి కొలవాలా అని పోట్లాడింది. నేను మా పిల్లోడు శ్రీనుగాడి వెనక కూచునేదాన్ని, నాకెందుకే టోపీ అంది. వెనక కూర్చున్నవాళ్ళకు కూడా రూలే అత్తా అంటే, రూలు పెట్టినోడు నా ఎనక కూచుంటాడా అంది.

అన్నిటికన్నా పెద్ద తల ఏబేలుది, అరవై ఒక్క సెంటీమీటర్లు. రోజూ మార్కాపురం పలకల ఫ్యాక్టరీకి బండి మీద పోయి వస్తాడు. నా తలలో మెదడు యాడుందో గూడా కొలువక్కా అని నవ్వించాడు.

ముప్పై తొమ్మిది అయ్యాయి. నలభయ్యోది మా ఇంట్లోనే ఆగిపోయింది. నాయన కొలవనివ్వలేదు. తలపాగా తీయాలి కదా మరి. ఆయన ఉత్త తల నేను పుట్టినప్పటి నుంచి చూడలేదు. పడుకునేటప్పుడు కూడా ఏదో ఒక గుడ్డ ఉంటుంది. మా గొర్రెలవాళ్ళలో తలపాగా తీసి నలుగురి ముందు నేల మీద పెడితే దానికి ఒకటే అర్థం. నా మాట పోయింది, తప్పు నాది, మీరు ఏం చెబితే అది అని. రోగమున్న గొర్రెలను తెలియక అమ్మినందుకు మా తాత ఒకసారి పెట్టాడని అమ్మ చెబుతుంది.

తలపాగా సంగతి సరే, హెల్మెట్‌కు ఏం అడ్డం అని అడిగాను. చెవులు అన్నాడు. మంద ఎనకమాల బండి మీద పోతుంటే నేను సూసేది తక్కువ, ఇనేది ఎక్కువ. గంట యాడ మోగుతాంది, ఏ పిల్ల ఎనకబడింది, పొదలో కుక్క ఉందా లేదా అన్నీ చెవులే చెప్తాయి. చెవులు మూసుకున్నోడు గొర్రెలేం కాస్తాడు అన్నాడు. జాకెట్ గురించి కూడా చెప్పాను, ఊరికే. భుజం మీద గొంగడి చూపించి, ఇదేంది మరి అన్నాడు.

లిస్టులో నలభయ్యో నంబరు కాటమరాజు అని రాసి, సైజు దగ్గర ఖాళీ వదిలేసి పంపాను.

జనవరి 25, శనివారం

పంపిణీ అయింది. బ్యానర్, కుర్చీలు, శాలువాలు. ట్రస్టు తరఫున సురేష్ అని ఒకతను వచ్చాడు, చేతిలో ఫోన్ దించలేదు. హెల్మెట్లు కలిసిపోకుండా ప్రతిదాని లోపలా మార్కర్‌తో పేరు, సైజు నేనే రాశాను, నాయనదానిలో మాత్రం పేరొక్కటే. నిన్నంతా అదే పని. వేళ్ళ నల్లరంగు ఇంకా వదల్లేదు.

నాయనను బతిమాలి తీసుకొచ్చాను. సార్ తన చేతులతో హెల్మెట్‌ను తలపాగా మీదే పెట్టారు. కుండ మీద కుండ పెట్టినట్టు నిలబడింది. అందరూ చప్పట్లు కొట్టారు. ఆ ఫోటోనే గ్రూపుల్లో పెట్టారు.

నన్ను మాట్లాడమన్నారు. మామూలుగా మైకు ఇస్తే రెండు ముక్కల్లో ముగించి దిగిపోతాను. ఈరోజు ఏమైందో, ఇది పెట్టుకుని పట్టీ బిగించుకోండి, మీ తలకాయలకు నాది పూచీ అన్నాను. బాగా చప్పట్లు పడ్డాయి. సార్ మంచి స్లోగన్ అన్నారు.

ఇంటికొచ్చేటప్పుడు నాయన ఒక్క మాటే అన్నాడు. పూచీ అనే మాట అట్ల మైకులో పారేస్తారా లచ్చుమమ్మా అని.

జనవరి 28, మంగళవారం

నా పరువు తీశాడు. సంతకు గొర్రెపిల్లలను తీసుకుపోతూ యర్రగొండపాలెం దగ్గర చెకింగ్‌లో దొరికాడు. హెల్మెట్ లేదు. ఫోటో తీశారు, చలానా వచ్చింది. అక్కడున్న కానిస్టేబుల్‌కు మొన్నటి గ్రూపు ఫోటో గుర్తుంది. నాకు ఫోన్ చేసి మరీ నవ్వాడు.

ఇంటికొచ్చి చూస్తే హెల్మెట్ వంటింట్లో ఉంది. అమ్మ అందులో ఉల్లిపాయలు పోసింది. ఖాళీగా ఉంది గదా పాపా అంది.

నాయన మీద గట్టిగా అరిచాను. నీకేమన్నా అయితే రేపు నేను జనం ముందు ఏ ముఖం పెట్టుకుని మాట్లాడాలి అన్నాను. ఇంతకీ నీ బాధ నీ ముఖం కోసమా నా తల కోసమా అని అడిగాడు. కోపంతో అన్నం తినలేదు, తర్వాత ఆకలేసి తిన్నాను.

జనవరి 30, గురువారం

మాటల్లేవు. మధ్యలో అమ్మ పోస్ట్‌మాన్ ఉద్యోగం చేస్తోంది.

ఫిబ్రవరి 3, సోమవారం. సాయంత్రం 5:30

డ్యూటీ నుంచి స్కూటీ మీద వస్తున్నాను. చెరువుకట్ట దాటాక ఎదురుగా మంద, దాని వెనక ఎక్స్‌ఎల్, దాని మీద నాయన. నెత్తిన హెల్మెట్! పట్టీ కూడా బిగించాడు. నాకు కళ్ళలో నీళ్ళొచ్చాయి. బండి పక్కన ఆపి, మాట్లాడకూడదన్న సంగతి మరిచిపోయి, నాయనా అని పిలిచాను. ఎప్పటిలాగే ఒక్క పిలుపుకే వెనక్కి తిరిగాడు.

అప్పుడు చూశాను. చెవుల దగ్గర అటొకటి ఇటొకటి రెండు బెజ్జాలు. ఒక్కోటి రూపాయి బిళ్ళంత. చుట్టూ ప్లాస్టిక్ కరిగి నల్లగా గడ్డకట్టి ఉంది. గొర్రెలకు వాతలు పెట్టే కడ్డీని ఎర్రగా కాల్చి పొడిచాడట!

సంతోషమంతా పోయి ఒళ్ళు మండింది. నడిరోడ్డు మీదే తిట్టాను. గొర్రెలన్నీ ఆగిపోయి నన్నే చూశాయి. ఆయన మాత్రం నెమ్మదిగా, హెల్మెటు నీకోసం పెట్టుకున్న్యాను, బొక్కలు గొర్రెల కోసం పెట్టుకున్న్యాను, ఇద్దరికీ సరిపోయింది గదా అన్నాడు.

తర్వాత ఇంకో మాట అన్నాడు. ఇంతోటి దానికి పొద్దంతా పడుతుందనుకున్నా లచ్చుమమ్మా, బకెట్టు కంటే సులువుగా దిగిపాయ. లోపల నువ్వు చెప్పిన తెల్లది ఏం తగల్లేదే అన్నాడు.

హెల్మెట్ తీసుకుని లోపలి మెత్త పీకి చూశాను. పల్చటి స్పాంజి. దాని వెనక అట్టముక్క. దాని వెనక డిప్ప. అంతే.

ఫిబ్రవరి 4, మంగళవారం. ఉదయం 6:10

నా హెల్మెట్ మార్కాపురంలో కొన్నది. దాని మెత్త కూడా ఊడదీశాను. లోపల తెల్లగా, మందంగా, వేలితో నొక్కితే బిగువుగా థర్మాకోల్. రెండూ గడప మీద పక్కపక్కన పెట్టి కూర్చున్నాను. అమ్మ కాఫీ చల్లారిపోతోందని మూడుసార్లు పిలిచింది.

అదే రోజు, మధ్యాహ్నం

యర్రగొండపాలెంలో ఆదెయ్య పంక్చర్ షాపుకు రెండూ పట్టుకుపోయాను. ఆయన హెల్మెట్లు కూడా అమ్ముతాడు. నాయనది చేతిలోకి తీసుకుని బొటనవేలితో నొక్కాడు, డిప్ప లోపలికి పోయి మళ్ళీ బయటికొచ్చింది. ఐఎస్‌ఐ స్టిక్కర్‌ను గోటితో లేపితే పెళ్ళిపందిట్లో బొట్టుబిళ్ళలాగా ఊడొచ్చింది. ఈ స్టిక్కర్లు షీట్ల లెక్కన దొరుకుతాయమ్మా అన్నాడు. మీ ఊరోళ్ళ నెత్తిన చూసిన రోజే అనుకున్నాను అన్నాడు.

మరి ఎందుకు చెప్పలేదు పెద్దాయనా అంటే, చెకింగులో వదిలేస్తున్నారు గదా, నేనెందుకు పుల్ల పెట్టడం అన్నాడు.

ఎంత తేలిగ్గా అన్నాడో! నలభై మంది. ఒక్కొక్క తల చుట్టూ టేపు తిప్పింది ఈ చేతులే. మైకు పట్టుకున్నదీ ఈ చేతులే.

ఫిబ్రవరి 6, గురువారం

సార్ దగ్గరికి వెళ్ళాను. ఒక పీస్ డిఫెక్ట్ అయి ఉంటుంది అన్నారు. ఇంకోటి తెప్పించి విప్పి చూద్దాం అన్నాను. లిస్టు క్లోజ్ అయిపోయింది, సర్టిఫికెట్ కూడా పైకి వెళ్ళిపోయింది అన్నారు. అయినా మీ నాన్నగారు కాల్చి పాడుచేసిన వస్తువు తెచ్చి క్వాలిటీ గురించి మాట్లాడతారేంటమ్మా అన్నారు.

అక్కడి నుంచే సురేష్‌కు ఫోన్ చేశాను. మేడం, మా ప్రోగ్రామ్ ఉద్దేశం అవేర్‌నెస్ అన్నాడు. తలకాయ పగిలాక వచ్చే అవేర్‌నెస్ ఎవరికి బాబూ అన్నాను. సిగ్నల్ సరిగా లేదన్నాడు.

బయటికొస్తుంటే సార్ వెనక నుంచి, ఫోటో మాత్రం చాలా బాగా వచ్చిందమ్మా అన్నారు. ఓదార్పు అనుకున్నారు పాపం.

ఫిబ్రవరి 8, శనివారం

ఐదు ఇళ్ళలో మెత్త విప్పి చూశాను. ఐదూ అంతే. స్పాంజి, అట్ట, డిప్ప.

ఐదోది ఏబేలుది. అప్పుడే ఫ్యాక్టరీ నుంచి వచ్చి ముఖం కడుక్కుంటున్నాడు. ఇది పెట్టుకోవద్దు, ఆదెయ్య షాపులో మంచిది కొనుక్కో, అప్పటిదాకా బస్సులో పో అన్నాను. నవ్వాడు. ఏందక్కా, మొన్న పెట్టుకోమంటివి, ఇప్పుడు వద్దంటివి. ముందు బండి మీద భయంభయంగా నలభైలో పోయేవాణ్ణి. ఇది పెట్టుకున్న్యాక ధైర్యమొచ్చి డెబ్బైలో పోతున్నా, అరగంట ముందే ఇంటికాడుంటున్నా అన్నాడు. ఆయన భార్య సుజాత కూడా అవునక్కా, పిల్లలు మెలకువగా ఉండంగానే వస్తున్నాడు అంది.

ధైర్యమట. ఆ ధైర్యం నేనిచ్చిందే. చేతులెత్తి దండం పెట్టాను, నెమ్మదిగా పో ఏబేలూ అని. సరే సరే అన్నాడు.

ఫిబ్రవరి 10, సోమవారం

లిస్టు పట్టుకుని మళ్ళీ ఇల్లిల్లూ తిరిగాను, ఈసారి వెనక్కి తీసుకోవడానికి. నలభైలో మూడు వచ్చాయి, మా నాయనదానితో కలిపి.

ఇచ్చి గుంజుకుంటావా అన్నారు. ఇది ఉంటే చెకింగులో ఆపడంలేదు, ఇది తీసుకుని రేపు మీ డిపార్ట్‌మెంటోళ్ళే మాకు ఫైను కొడతారా అన్నారు. లోపల థర్మాకోల్ లేదు చూడండి అని విప్పి చూపిస్తే, చూపించడానికి నువ్వే పీకినావు అన్నారు. సావిత్రమ్మత్త అయితే అందరి ముందూ అనేసింది. మీ నాయన దానికి బొక్కలు పడినాయి గదా, ఆయనకు మంచిది కావాలని మాది అడుగుతున్నావు అని.

చిన్నప్పుడు ఆమె ఒళ్ళో కూర్చుని వేరుశనక్కాయలు తిన్నదాన్ని. స్కూటీ తోసుకుంటూ ఇంటికొచ్చాను, స్టార్ట్ చేయడం కూడా తోచలేదు.

ఫిబ్రవరి 12, బుధవారం

ఏబేలు పడ్డాడు.

పొద్దున ఏడున్నరకు, ఫ్యాక్టరీకి పోతూ, మలుపులో కుక్క అడ్డం వచ్చింది. 108 వచ్చి మార్కాపురం తీసుకెళ్ళింది. అక్కడి నుంచి ఒంగోలు పంపారు. తలకు దెబ్బ. స్పృహ లేదు.

నేను వెళ్ళేసరికి రోడ్డు మీద బండి, టిఫిన్ క్యారియర్, హెల్మెట్ ఉన్నాయి. హెల్మెట్ పలక పగిలినట్టు నిలువునా రెండు ముక్కలైంది. పట్టీ ఇంకా బిగించే ఉంది. రెండు ముక్కలూ ఆ పట్టీకే వేలాడుతున్నాయి. ఒక ముక్క లోపల నా రాత. ఏబేలు, 61.

ఫిబ్రవరి 13, గురువారం

ఒంగోలు వెళ్ళాను. సుజాత ఐసీయూ బయట నేల మీద కూర్చుని ఉంది. నన్ను తిడుతుందని, కొడుతుందని అనుకుంటూ పోయాను. కొట్టినా బాగుండేది. నా చేయి పట్టుకుని, అక్కా, నువ్వు చెప్పినట్టే పట్టీ గూడా పెట్టుకున్న్యాడక్కా, నేనే చూసినా అంది. నేను ఎక్కడ ఏబేలుదే తప్పంటానో అని ఆమె భయం.

ఫిబ్రవరి 14, శుక్రవారం

ఒత్తి రాస్తుంటే పేజీ చిరిగింది. భయంతో కాదు.

సార్ పిలిపించారు. టేబుల్ మీద రిపోర్టు రెడీగా ఉంది. ద్విచక్ర వాహనదారు ప్రమాద సమయంలో హెల్మెట్ ధరించలేదు. కింద నా పేరు, సంతకానికి గీత. స్థలానికి మొదట వెళ్ళింది మీరే కదా అన్నారు.

పెట్టుకున్నాడు సార్ అన్నాను. పెట్టుకుంటే తలకు దెబ్బ ఎందుకు తగులుతుంది అన్నారు. అబ్బా, ఏం లాజిక్! అదే కదా సార్ నేను వారం కిందట మీకు మొత్తుకుంది అన్నాను.

అప్పుడు తలుపు వేసి నెమ్మదిగా చెప్పారు. పెట్టుకోలేదు అని రాస్తే ఒక మనిషి అజాగ్రత్త, అక్కడితో అయిపోతుందట. పెట్టుకున్నాడు అని రాస్తే ఎవరు కొన్నారు, ఎవరు ఇచ్చారు, ఎవరు సంతకం పెట్టారు అని వస్తుందట. పంచినవాళ్ళలో మొదటి పేరు మీదేనమ్మా, ఆలోచించుకోండి అన్నారు. నా మేలు కోరుతున్నట్టే అన్నారు. దూరంగా ట్రాన్స్‌ఫర్లు కూడా ఉంటాయన్నారు.

ఏబేలు లేచి వచ్చి చెప్పలేడు కదా! చెప్పలేనివాడి నెత్తిన పెట్టడం ఎంత సులువు. హెల్మెట్ మాత్రం సరైనది పెట్టలేకపోయారు ఆ నెత్తిన. ఆ ఒక్క గీత మీద నేను సంతకం పెడితే ఇన్సూరెన్స్ పోతుంది, ఫ్యాక్టరీవాళ్ళు చేతులు దులుపుకుంటారు, పిల్లలు పెద్దయ్యాక మా నాయన హెల్మెట్ పెట్టుకోక పడ్డాడు అనుకుంటారు.

పెట్టను అన్నాను. పెన్ను ఆయన టేబుల్ మీదే వదిలేసి వచ్చాను. అది నా పెన్నే.

ఫిబ్రవరి 15, శనివారం

నా రిపోర్టు నేనే రాశాను. హెల్మెట్ ధరించాడు, పట్టీ బిగించి ఉంది, హెల్మెట్ పగిలింది, లోపల రక్షణ పొర లేదు, లోపలి రాత నాది. ఆరోజు రోడ్డు మీద నుంచి తెచ్చి దాచిన రెండు ముక్కలూ గుడ్డలో చుట్టి స్టేషన్‌లో ఎస్సైకి ఇచ్చి రసీదు అడిగాను. ఆయన చాలాసేపు ముక్కలను తిప్పి చూశాడు. మా ఆవిడ స్కూటీకి కూడా ఇట్లాంటిదే ఉందమ్మా అన్నాడు. రసీదు ఇచ్చాడు.

ఇంటికొచ్చి నాయనకు అంతా చెప్పాను. ఇంకా ముప్పై ఆరు తలలు ఆ డిప్పలు పెట్టుకుని డెబ్బైలో పోతున్నాయి, నా మాట ఎవరూ వినడంలేదు, నేనేం చేయాలి అని ఏడ్చాను. నాయన గొర్రెల దగ్గరికి పోయాడు.

ఫిబ్రవరి 16, ఆదివారం. ఉదయం 8:00

ఇప్పుడే జరిగింది. మరిచిపోకముందే రాస్తున్నాను. మరిచిపోతానా అసలు.

ఏడింటికి పాలకేంద్రం దగ్గర బండ్లన్నీ ఉంటాయి. క్యాన్లు దించుకునేవాళ్ళు, టీ తాగేవాళ్ళు. ఇంకోసారి అడిగి చూద్దామని నేను వెళ్ళాను. ఎవరూ నా వైపు చూడలేదు. ఏబేలు సంగతి తెలుసు అందరికీ. అయినా తనది గట్టిదే అని ఎవరికివారు అనుకుంటున్నారు.

అప్పుడు ఎక్స్‌ఎల్ చప్పుడు. నాయన వచ్చి బండి స్టాండ్ వేశాడు. జనం మధ్యకు నడిచి వచ్చి, తలపాగా విప్పడం మొదలుపెట్టాడు. ఒక చుట్టు, ఇంకో చుట్టు. ఐదు గజాల గుడ్డ. మా పాలాయన చేతిలో క్యాను అట్లనే ఆగిపోయింది. పెద్దవాళ్ళకు ముందే అర్థమై లేచి నిలబడ్డారు. వద్దు మామా, వద్దు మామా అని ఎవరో అన్నారు.

నాయన గుడ్డను మడిచి నేల మీద, మట్టిలో పెట్టాడు. నా బిడ్డ మీ తలలకు పూచీ అన్నది. ఆ పూచీ చెడిపోయింది. బిడ్డ మాట పోతే అది నా మాటే పోయినట్టు. తప్పు మాది. ఆ హెల్మెట్లు ఇచ్చేయండి, ఫైను పడితే పడనీండి, బతికుంటే కట్టుకోవచ్చు అన్నాడు.

నాయనది బట్టతల. నాకు తెలియదు. నడినెత్తి మీద చిన్నపిల్లల తలలాగా తెల్లగా, ఎండ తగలని చర్మం. దాన్ని చూసి నాకు నాయన గురించి ఎప్పుడూ లేనంత భయం వేసింది. ఇన్నాళ్ళూ ఆ గుడ్డ కింద అంత మెత్తగా ఉందా ఆ తల!

ముందుగా కదిలింది సావిత్రమ్మత్త. శ్రీనుగాడి నెత్తిన ఉన్నది తనే పీకి, తనదీ తీసి, రెండూ తలపాగా పక్కన పెట్టింది. కళ్ళు తుడుచుకుంటూ, నీకేం పుట్టిందన్నా, గుడ్డ తీసుకో, మట్టవుతాది అని నాయనను కసిరింది. తర్వాత ఒక్కొక్కటీ పడ్డాయి.

ఫిబ్రవరి 17, సోమవారం

ఇద్దరు తప్ప అందరివీ వచ్చాయి. ఆ ఇద్దరూ బండ్ల మీదే గుంటూరు వైపు మిరపకోతలకు పోయారు. ఫోన్ చేసి చెప్పాను. ఊఁ అన్నారు. ఆ రెండు తలలూ ఇంకా నా మీదే ఉన్నాయి.

గొర్రెలను సంతకు తోలే ట్రాలీ ఆటోలో ముప్పై ఏడూ వేసుకుని సార్ ఆఫీసుకు పోయాను. వరండాలో నంబర్ల ప్రకారం వరసగా బోర్లించకుండా పెట్టాను, లోపలి పేర్లు పైకి కనబడేటట్టు. నాయన బెజ్జాలది చివర. అర్జీలు ఇవ్వడానికి వచ్చినవాళ్ళంతా చుట్టూ చేరి పేర్లు చదవడం మొదలుపెట్టారు. సార్ బయటికొచ్చారు. ఏంటమ్మా ఇది అన్నారు. అటెండర్‌ను లోపల పెట్టమన్నారు. అటెండర్ ఒకటి ఎత్తి, నొక్కి చూసి, మళ్ళీ అక్కడే పెట్టేశాడు.

నేను ఫోన్ తీసి, హెల్మెట్ల వరసా సారూ కలిసి పడేట్టు ఒకటి తీశాను. ఫోటో చాలా బాగా వచ్చింది. మొన్నటి గ్రూపులోనే పెట్టాను.

ఫిబ్రవరి 20, గురువారం

మెమో వచ్చింది. అనుమతి లేకుండా లబ్ధిదారుల నుంచి హెల్మెట్లు ఎందుకు సేకరించితిరో మూడు రోజుల్లో సంజాయిషీ ఇవ్వాలట. లబ్ధిదారులు! ఒక వాక్యమే రాశాను: వాళ్ళ తలలకు నేను పూచీ పడ్డాను కనుక.

సురేష్ ఫోన్ స్విచాఫ్. ఎంక్వైరీ వేశారంటున్నారు. చూద్దాం.

ఫిబ్రవరి 24, సోమవారం

ఏబేలు కళ్ళు తెరిచాడు. ఎడమ చేయి సరిగా లేవడంలేదు, మాట ముద్దగా వస్తోంది. సుజాత ఫోన్ చెవి దగ్గర పెట్టింది. అక్కా, పట్టీ పెట్టుకున్న్యా అన్నాడు. తెలుసు ఏబేలూ, నేను రాశాను అన్నాను.

మార్చి 3, సోమవారం

కొత్త ఫైన్లు మొదలయ్యాయి. చెకింగ్ గట్టిగా ఉంది. నేను హెల్మెట్లు తీసేసుకున్నవాళ్ళే దొరుకుతున్నారు, పక్కన డ్యూటీలో నిలబడుతున్నది నేను. ఇంతకన్నా సిగ్గుమాలిన ఉద్యోగం ఉంటుందా! సావిత్రమ్మత్త ఆటోలో పోతూ తల బయటపెట్టి, బాగుందే నీ రాజ్యం అని అరిచింది. తిట్టిందో నవ్వించిందో తెలియలేదు, నవ్వాను.

ఆదెయ్య షాపు ముందు నిలువునా కోసిన హెల్మెట్లు రెండు వేలాడుతున్నాయి, మంచిదొకటి, మాదొకటి. లోపల చూసి కొనండి అని అట్ట మీద రాసి పెట్టాడు. పుల్ల పెడుతున్నావా పెద్దాయనా అంటే తల దించుకున్నాడు. మావాళ్ళు పదిహేను మంది కొన్నారు, ఒక్కొక్కరూ మెత్త లాగి, థర్మాకోల్ నొక్కి, గొర్రె పళ్ళు చూసినట్టు చూసుకుని.

మార్చి 9, ఆదివారం

నాయన మంద ముందు నడిచే పొట్టేలికి కొత్త గంట కట్టాడు, గుడిగంటంతది. చెవులు మూసుకున్నా వినపడుతుందట. తర్వాత నా ముందు పీట వేసుకుని కూర్చుని, తలపాగా విప్పి ఒళ్ళో పెట్టుకున్నాడు.

40. కాటమరాజు. 57.